నడినీటిలో గాలివాన ముంచుకొస్తే

ప్రశ్న: కోట్‌పల్లి జలాశయంలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) నడపడం నేర్చుకున్న నలుగురు మిత్రులం, గత మే నెలలో సోమశిల దగ్గర కృష్ణలో కయాక్‌లపై వెళ్లి ఒడ్డున గుడారం వేసుకున్నాం. సాయంత్రం ఎండ ఉండగానే గాలిదుమారం లేచి ఒక కయాక్ తిరగబడింది, గుడారం ఎగిరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, మళ్లీ వెళ్లాలంటే భయంగా ఉంది. అలాంటప్పుడు ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్

జవాబు: మీరందరూ క్షేమంగా తిరిగి వచ్చినందుకు సంతోషం. వేసవిలో బాగా వేడెక్కిన నేల మీది తేమగాలి పైకి లేచి క్యుములోనింబస్ అనే ఎత్తైన ఉరుము మేఘాలుగా పెరుగుతుంది. వాటి నుంచి వాన జారడం మొదలయ్యాక, దానితో చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దూకి నలువైపులా పరుచుకుంటుంది కాబట్టే, మీకు వాన కంటే ముందు, ఎండలోనే గాలి తగిలింది. ఉక్కపోతలో ఉన్నట్టుండి ముఖానికి చల్లగాలి కొట్టి, దూరాన నీరు నల్లబడి గరుకుగా కనిపిస్తే, ఇక మీ చేతిలో ఉన్నవి కొద్ది నిమిషాలే.

ఆ సమయంలో ఆవలి ఒడ్డున ఉన్న మకాం చేరుకోవాలని నడినీటికి అడ్డం పడడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. నీటి వెడల్పు ఎక్కువైనకొద్దీ గాలికి అలలు లేపే చోటు దొరుకుతుంది. సామాను ఎక్కడున్నా సరే, దగ్గరి ఒడ్డుకే వెళ్లండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 3 సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం లెక్కకట్టవచ్చు. కానీ నీటి మీద ఉన్నవారు లెక్కలు వేస్తూ కూర్చోకుండా, మొదటి ఉరుముకే ఒడ్డెక్కి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగాలి. ఒడ్డు అందకపోతే కయాక్ ముక్కును అలలకు కాస్త ఏటవాలుగా ఎదురు పెట్టి, తెడ్డు ఆపకుండా వేయండి. తిరగబడితే కయాక్‌ను వదిలి ఈదకండి. అది తేలుతుంది, దూరం నుంచి కనిపిస్తుంది. లైఫ్ జాకెట్ కాళ్ల దగ్గర కాదు, బకిల్స్ బిగించి ఒంటి మీద ఉండాలి.

గుడారం పిడుగు నుంచి కాపాడదు. దగ్గరలో పక్కా భవనం గానీ కారు గానీ ఉంటే అందులోకి వెళ్లండి. లేకపోతే ఒంటరి చెట్టుకూ గుట్ట కొసకూ దూరంగా, ఒకరికొకరు ఎడంగా, పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోండి. నేల మీద పడుకోకండి.

మకాం చోటు గురించి ఒక మాట. సోమశిల దగ్గర మీరు చూసే కృష్ణ శ్రీశైలం జలాశయపు వెనుకజలాలే. ఆ జలాశయం నిండుమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు; ఆ నీటిలో నెలల తరబడి మునిగి ఉండే సంగమేశ్వరాలయం వేసవిలోనే బయటపడుతుంది. అంటే మే నెలలో మీకు చదునుగా కనిపించే తీరం చాలాచోట్ల జలాశయం అడుగే. ఆ ఒండ్రులో గుడారం మేకులు నిలవవు. తాళ్లను పెద్ద రాళ్లకు కట్టి, కయాక్‌లను బాగా పైకి లాగి బోర్లించి, వాటినీ కట్టేయండి. అటవీ ప్రాంతమైతే ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోండి. బయలుదేరే ముందు వాతావరణ శాఖ సూచనలు, పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ చూడండి. లోయల్లో ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడవద్దు.

మీ భయం సహజమైనదే. దానికి మందుగా, మళ్లీ సోమశిల వెళ్లేలోపు కోట్‌పల్లిలో శిక్షకుణ్ణి పక్కన పెట్టుకుని, ఒడ్డుకు దగ్గరగా కయాక్‌ను కావాలనే తిరగేసి, తిరిగి ఎక్కడం నలుగురూ సాధన చేయండి.