‘యూదుడు’ అని రాసే ముందు

తమ్ముడూ,

వందనాలు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నడక బాగుంది, శ్రద్ధ కనిపిస్తోంది. కానీ మొదటి పేజీలో ‘యూదుడైన అబ్రాహాము’ అన్నావు. రెండో పేజీలో ‘మోషే యూదులను ఐగుప్తు నుంచి విడిపించాడు’ అన్నావు. చివరి పేరాలో ‘అన్యులైన మన ఇరుగుపొరుగువారు’ అన్నావు. మూడు చోట్లా మాట తప్పింది. పేర్లు మారితే అర్థం మారుతుంది, ఒక్కోసారి ఒక జాతి మీద నింద కూడా పడుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అబ్రాహామును ఆదికాండము 14:13 ‘హెబ్రీయుడు’ అంటుంది. ఆయన మనవడు యాకోబు. యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాడాక అతనికి ‘ఇశ్రాయేలు’ అన్న పేరు వచ్చింది (ఆదికాండము 32:28). అతని సంతానమే ఇశ్రాయేలీయులు. యూదా యాకోబు పన్నెండుమంది కొడుకుల్లో ఒకడు, లేయా అనే భార్యకు నాలుగోవాడు. ఐగుప్తు నుంచి బయలుదేరిన జనంలో యూదా ఒక గోత్రం మాత్రమే. కాబట్టి నిర్గమకాండం గురించి రాసేటప్పుడు ‘ఇశ్రాయేలీయులు’ అనే రాయి.

అసలు చిక్కు సొలొమోను రాజు చనిపోయాక మొదలవుతుంది. సుమారు క్రీ.పూ. 930లో రాజ్యం రెండుగా చీలింది. ఉత్తరాన ఇశ్రాయేలు, దక్షిణాన యూదా. ఉత్తర రాజ్యానికి కొంతకాలానికి షోమ్రోను రాజధాని అయింది. కొత్త నిబంధనలో మనం సమరయ అని చదివేది ఆ పేరే. అక్కడి నుంచి రాజుల గ్రంథాల్లో ‘ఇశ్రాయేలు’ కనబడితే చాలాచోట్ల అది ఉత్తర రాజ్యమే, మొత్తం జనం కాదు. దీనికి 2 రాజులు 16 తీసి చూడు. ‘యెహూదీమ్’, అంటే యూదావారు, అన్న హెబ్రీ మాట రాజుల గ్రంథాల వరుసలో మొదటిసారి కనబడేది అక్కడ, ఆరో వచనంలో. సిరియా రాజు రెజీను వాళ్లను ఏలతు పట్టణం నుంచి వెళ్లగొట్టాడు. మరి ఐదో వచనంలో అతనితో కలిసి యూదా రాజధాని యెరూషలేము మీదికి దండెత్తి వచ్చిందెవరు? ఇశ్రాయేలు రాజైన పెకహు! రెండు పేర్లూ ఒకటే అనుకుని చదివితే ఆ అధ్యాయం అర్థమే కాదు.

ఉత్తర రాజ్యం క్రీ.పూ. 722లో అష్షూరు చేతిలో, యూదా క్రీ.పూ. 586లో బబులోను చేతిలో కూలిపోయాయి. ఆ తర్వాత ‘యూదుడు’ గోత్రం పేరుగా మిగల్లేదు. ఆ దేశం నుంచి వచ్చినవాడు, ఆ ధర్మశాస్త్రం పాటించేవాడు అన్న అర్థం చేరింది. ఎస్తేరు 2:5లో మొర్దెకైని యూదుడంటూనే, ఆ వచనంలోనే బెన్యామీనీయుడని కూడా చెప్పారు. గోత్రం బెన్యామీను, పేరు యూదుడు. ఈ ఒక్క వచనం గుర్తుంటే సగం తప్పులు రాయవు.

ఇక ముఖ్యమైన సంగతికి వస్తాను. ఏ కాలమో చూస్తే సరిపోదు, ఎవరు ఎవరితో అంటున్నారో కూడా చూడాలి. బబులోను చెరనుంచి తిరిగొచ్చాక ఒకే జనానికి రెండు పేర్లూ ఉన్నాయి. బయటివాళ్లు పిలిచే పేరు యూదులు. దేవుని ముందు తమను తాము తలచుకునే పేరు ఇశ్రాయేలు. ఎజ్రా 6వ అధ్యాయంలో పారసీక రాజు దర్యావేషు ఆజ్ఞ ‘యూదులు’ అంటుంది. అదే అధ్యాయంలో ఆలయ ప్రతిష్ఠ దగ్గరికి వచ్చేసరికి పేరు ‘ఇశ్రాయేలీయులు’ అవుతుంది. తిరిగొచ్చినవాళ్లలో ఎక్కువమంది యూదా, బెన్యామీను, లేవి వారే. అయినా పన్నెండు గోత్రాల లెక్కన పన్నెండు మేకపోతులను పాపపరిహారబలిగా అర్పించారు. ఆ లెక్కలో ఎంత ఆశ ఉందో చూడు.

మార్కు 15 కూడా ఇలాగే చదువు. రోమా అధిపతి పిలాతు యేసును ‘యూదుల రాజువా’ అని అడుగుతాడు. సైనికులు అదే మాటతో హేళన చేస్తారు. సిలువ మీది పలకలోనూ అదే మాట. ప్రధానయాజకులు తమలో తాము అపహసించుకునేటప్పుడు మాత్రం ‘ఇశ్రాయేలు రాజు’ అంటారు. పౌలు రోమా అధికారితో ‘నేను తార్సువాడనైన యూదుణ్ణి’ అన్నాడు (అపొస్తలుల కార్యములు 21:39), రోమా సంఘానికి రాసేటప్పుడు ‘నేనును ఇశ్రాయేలీయుడనే’ అన్నాడు (రోమా 11:1). మనిషి ఒక్కడే. సభను బట్టి మాట మారింది.

యోహాను సువార్త దగ్గర చెయ్యి మరీ జాగ్రత్తగా ఆడించు. ‘యూదులు’ అన్న మాట అందులో డెబ్బై సార్ల దాకా వస్తుంది, ఒక్కోచోట ఒక్కో అర్థం. 9:22లో పుట్టుగుడ్డివాని తలిదండ్రులు ‘యూదులకు భయపడి’ జవాబు దాటవేస్తారు. వాళ్లూ యూదులే కదా! అక్కడ ఆ మాటకు అధికారులని అర్థం. 11:19లో లాజరు చనిపోయినప్పుడు మార్తను, మరియను ఓదార్చడానికి వచ్చినవాళ్లు కూడా ‘యూదులే’. అక్కడ వాళ్లు ఆత్మీయులు. 4:22లో ‘రక్షణ యూదులలోనుండియే’ అని యేసే అంటాడు. నీ వ్యాసంలో ‘యూదులు యేసును చంపారు’ అని ఒక వాక్యం ఉంది. దాన్ని కొట్టెయ్. యేసు, మరియ, పేతురు అందరూ యూదులు. ఆ సందర్భంలో ప్రధానయాజకులు, పిలాతు, రోమా సైనికులు అని ఎవరిని వాళ్లుగా రాయి. ఒక జాతి మొత్తాన్నీ అలా ఒక్క మాటలో నిందించినందుకు ఐరోపాలో శతాబ్దాల పాటు జనం ప్రాణాలు పోయాయి. మన కలం నుంచి ఆ వాక్యం మళ్లీ రాకూడదు.

ఇప్పుడు ‘అన్యజనులు’. హెబ్రీలో ‘గోయ్’ అంటే జనం, జాతి, అంతే. దేవుడు అబ్రాహామును ‘గొప్ప జనముగా’ చేస్తానన్నప్పుడు (ఆదికాండము 12:2), సీనాయి దగ్గర ఇశ్రాయేలును ‘పరిశుద్ధమైన జనము’ అన్నప్పుడు (నిర్గమ 19:6) ఉన్నది ఈ మాటే. బహువచనంలో ‘గోయీమ్’ అన్నప్పుడు చాలాచోట్ల మిగతా జాతులని అర్థం. ‘అన్య’ మన తెలుగులో చేర్చుకున్నది. అది తప్పు కాదు, కానీ మూలంలో తిట్టు లేదని గుర్తుంచుకో. పౌలు ‘యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు’ అన్నప్పుడు కూడా గ్రీసుదేశస్థుడంటే అక్షరాలా ఆ దేశంవాడు కాదు, యూదేతరుడు. మార్కు 7:26లో గ్రీసు దేశస్థురాలు అని మన పాత అనువాదం చెప్పిన తల్లి పుట్టుకతో సురోఫెనికయ స్త్రీ, అంటే సిరియా వైపు ఫెనికే ప్రాంతపు మనిషి.

యెరూషలేము ఆలయంలో ఈ హద్దు రాతి మీదే ఉండేది. వేరే జాతివాడు ఈ కంచె దాటకూడదు, దాటి పట్టుబడితే తన చావుకు తానే బాధ్యుడు అని గ్రీకులో ఏడు వరుసలు చెక్కిన పలక 1871లో బయటపడింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఎఫెసువాడైన త్రోఫిమును పౌలు లోపలికి తెచ్చాడన్న అనుమానంతో ఎందుకంత గొడవ జరిగిందో (అపొ. 21:28, 29) ఆ పలక చూస్తే తెలుస్తుంది.

సమరయ ప్రాంతపు వారైన సమరయులను మాత్రం ఏ వైపూ పడెయ్యకు. మత్తయి 10:5, 6 అన్యజనులను, సమరయులను, ఇశ్రాయేలు వంశాన్ని వేర్వేరుగా చెబుతుంది. సమరయులు తమను ఇశ్రాయేలీయులమనే చెప్పుకుంటారు. గుంటూరు ప్రాంతంలో యూదు ధర్మం పాటించే బెనె ఎఫ్రాయీము కుటుంబాలు కూడా తమ మూలాన్ని ఉత్తర గోత్రమైన ఎఫ్రాయీములోనే చూసుకుంటాయి. వాళ్ల గురించి ఎప్పుడైనా రాస్తే ఈ తేడా నీకు పనికొస్తుంది.

నీ ‘అన్యులైన ఇరుగుపొరుగు’ సంగతి. మన సంఘాల్లో క్రైస్తవులు కానివాళ్లను అలా అనడం అలవాటైపోయింది. కానీ ఎఫెసీ 2:11 తెరిచి చూడు. ‘శరీరవిషయములో అన్యజనులైయుండి’ అని పౌలు అంటున్నది ఆ సంఘంలోని విశ్వాసులతో. ఆ లెక్కన తెలుగు విశ్వాసులం దాదాపు అందరం అన్యజనులమే, రోమా 11లో మంచి ఒలీవ చెట్టుకు అంటుకట్టిన అడవి ఒలీవ కొమ్మలమే. పక్కింటివాళ్లను ‘ఇతర మతస్థులు’ అను, లేదా వాళ్ల మతం పేరే చెప్పు.

ఇంకొక చిన్న పని. బైబిలు కాలానికి ‘ఇశ్రాయేలు’, 1948లో ఏర్పడిన దేశానికి ‘ఇజ్రాయెల్’ అని రెండు రాతలు ఖాయం చేసుకో. ఆ దేశ పౌరుణ్ణి ‘ఇశ్రాయేలీయుడు’ అనకు. అక్కడి పౌరుల్లో అరబ్బులూ ఉన్నారు.

తిరగరాసేటప్పుడు యూదులు, ఇశ్రాయేలీయులు, అన్యజనులు అన్న ఈ మూడు పేర్లు వచ్చిన ప్రతి చోటా అంచున మూడు మాటలు రాసుకో. ఏ కాలం, ఎవరి నోట, ఎవరితో. మూడింటికీ జవాబు రాకపోతే ఆ వాక్యం పక్కన పెట్టు. ముందు ఆ రెండో పేజీ సరిచేసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

నీ అన్న