కొత్తగా ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టేవాళ్లు ఏ రాడ్ కొనాలి?

మీరు అమెరికాలోని జార్జియాలో, కమింగ్‌లో ఉంటున్నానని, చటహూచీ నదిలో ట్రౌట్ చేపలు పట్టాలని ఉందని రాశారు. స్నేహితుడేమో 900 డాలర్ల ఫాస్ట్ రాడ్ కొనమంటున్నారు, ఆన్‌లైన్‌లో చూస్తే అంకెలు అర్థం కావడం లేదు అన్నారు. నేను ఆ నదిలోనే కొన్నేళ్లుగా ఫ్లై ఫిషింగ్ చేస్తున్నాను, మనవాళ్లలో కొందరికి నేర్పించాను కూడా. కాబట్టి ముందు సూటిగా చెప్తాను: 9 అడుగుల పొడవు, 5 వెయిట్, నాలుగు ముక్కలుగా ఊడదీసే రాడ్ తీసుకోండి. యాక్షన్, అంటే రాడ్ వంగే తీరు, మీడియం గానీ మీడియం ఫాస్ట్ గానీ ఉండాలి. 900 డాలర్లు అక్కర్లేదు.

ఎందుకో చెప్పాలంటే ఈ పద్ధతిలో అసలు ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. చిన్నప్పుడు చెరువు గట్టున గాలం వేసినవాళ్లకు బెండు, సీసం, వానపాము తెలుసు. అక్కడ బరువు దారం చివర ఉంటుంది, విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుని వెళ్తుంది. ఇక్కడ దారం చివర ఉండేది ఈకలూ బొచ్చూ చుట్టి కట్టిన చిన్న పురుగు బొమ్మ, దాన్నే ఫ్లై అంటారు. దానికి చెప్పుకోదగ్గ బరువు ఉండదు. బరువంతా లైన్‌లోనే, అంటే ఆ దారంలోనే ఉంటుంది. చర్నాకోల ఝళిపించినట్టు లైన్‌ను వెనక్కి, ముందుకి ఆడిస్తే దాని వెంట ఫ్లై వెళ్లి నీళ్ల మీద వాలుతుంది.

అందుకే రాడ్ మీద రాసిన 5 వెయిట్ అనేది రాడ్ బరువు కాదు, అది మోయాల్సిన లైన్ బరువు. 5 నంబర్ లైన్‌లో మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగుతాయి, అంటే సుమారు 9 గ్రాములు. 8 నంబర్ అయితే 210 గ్రెయిన్లు. మీరు పట్టే చేపను బట్టి ఫ్లై, ఫ్లైని బట్టి లైన్, లైన్‌ను బట్టి రాడ్ ఎంచుకోవాలి. చటహూచీ మీద ఉన్న బ్యూఫర్డ్ డ్యామ్ కింద దొరికే రెయిన్‌బో, బ్రౌన్ ట్రౌట్లకు వేసే చిన్న చిన్న ఫ్లైలకు 5 చక్కగా సరిపోతుంది. పెద్ద బాస్ చేపల కోసం లావుపాటి ఫ్లైలు వేయాలంటే 7 గానీ 8 గానీ కావాలి. ఉత్తర జార్జియా కొండల్లో చెట్లు కమ్ముకున్న సన్నటి వాగులకు 3 వెయిట్, ఏడున్నర అడుగుల రాడ్ హాయిగా ఉంటుంది. అవి తర్వాత చూసుకోవచ్చు. 9 అడుగులు ఎందుకంటే, చటహూచీ లాంటి వెడల్పు నదిలో ప్రవాహం లైన్‌ను లాగేస్తే ఫ్లై నీటితో పాటు సహజంగా తేలదు. అలా తేలకపోతే ట్రౌట్ దాన్ని పట్టించుకోదు. పొడవు రాడ్‌తో లైన్‌ను పైకెత్తి పక్కకు వేయడం తేలిక.

ఇక యాక్షన్. మీ స్నేహితుడితో నేను ఏకీభవించనిది ఇక్కడే. ఫాస్ట్ రాడ్ చివరి భాగంలోనే వంగుతుంది, గట్టిగా ఉంటుంది. గాలి ఉన్నా 60 అడుగులు విసరగలదు. కానీ మనం ఆ నదిలో ట్రౌట్ పట్టేది ఎక్కువగా 20, 30 అడుగుల లోపే. అంత తక్కువ లైన్ బయట ఉన్నప్పుడు గట్టి రాడ్ సరిగా వంగదు. అది వంగితేనే లైన్ వెనక పూర్తిగా సాగిందో లేదో చేతికి తెలుస్తుంది. కొత్తవాళ్లకు కావలసింది ఆ కబురే. నేను నేర్పినవాళ్లలో మెత్తటి రాడ్‌తో మొదలుపెట్టినవాళ్లకు లైన్ వెనక్కి సాగేదాకా కాసేపు ఆగడం త్వరగా పట్టుబడింది. గట్టి రాడ్ పట్టుకున్నవాళ్లు బలం ఉపయోగించి, మణికట్టు తిప్పేసి, లైన్‌ను చిక్కుముడులు చేసుకున్నారు.

అందుకని కొనే ముందు ఫ్లై షాపుకు వెళ్లి, బయట పచ్చిక మీద విసిరి చూస్తామని అడగండి. చాలా షాపుల్లో ఒప్పుకుంటారు. అందరూ ఎంత దూరం పోతుందో చూస్తారు. మీరు మాత్రం 25 అడుగుల లైన్ బయటికి తీసి, నెమ్మదిగా విసరండి. ఆ దూరంలో రాడ్ వంగుతున్నట్టు చేతికి తెలిస్తే అది మీ రాడ్. షాపులో నిలబడి గాల్లో ఊపి చూస్తే ఏమీ తెలియదు.

ఎకో, రెడింగ్టన్, టెంపుల్ ఫోర్క్ లాంటి కంపెనీలు రాడ్, రీల్ (లైన్ చుట్టుకునే చక్రం), లైన్ కలిపి సెట్‌గా అమ్ముతాయి. 200 డాలర్ల చుట్టుపక్కల దొరికే సెట్ మొదట్లో చాలు. డబ్బు మిగిలితే మంచి లైన్ మీద పెట్టండి. ఖరీదైన రాడ్‌కు నాసిరకం లైన్ కంటే, మామూలు రాడ్‌కు మంచి లైన్ ఎంతో బాగా పనిచేస్తుంది. వెయిట్ ఫార్వర్డ్ ఫ్లోటింగ్ 5, అంటే ముందు భాగంలో బరువు ఎక్కువగా ఉండి నీటి మీద తేలే 5 నంబర్ లైన్ అడగండి, పెట్టె మీద డబ్ల్యూఎఫ్5ఎఫ్ అని ఉంటుంది. కొన్ని లైన్లు 5 అని రాసి ఉన్నా గట్టి రాడ్ల కోసం కొంచెం బరువుగా చేస్తారు. మెత్తటి రాడ్‌కు అవి వద్దు, అసలు బరువుకే చేసినది ఇమ్మనండి. లీడర్, అంటే లైన్‌కూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం, 9 అడుగులది, 5ఎక్స్ మందంది చాలు.

వారంటీ తప్పకుండా చూడండి. చేప లాగి విరిగే రాడ్ల కంటే కారు తలుపులో పడి, ఇంట్లో ఫ్యాన్‌కు తగిలి విరిగేవే ఎక్కువ. కొంత రుసుము తీసుకుని విరిగిన ముక్క మార్చిచ్చే కంపెనీ అయితే టెన్షన్ ఉండదు. నీళ్లలో ఉన్నప్పుడు మధ్యమధ్యలో అతుకులు వదులయ్యాయేమో చూసుకోండి. వదులైన అతుకు దగ్గరే రాడ్ చీలుతుంది.

నదికి వెళ్లకముందు ఇంటి ముందు గడ్డిలో, ఫ్లై బదులు ఊలు ముక్క కట్టి సాధన చేయండి. సిమెంటు మీద వద్దు, లైన్ పూత గీసుకుపోతుంది. ఆ తర్వాత ఏదైనా చెరువులో బ్లూగిల్ అనే చిన్న చేపలు పట్టండి. మే, జూన్ నెలల్లో అవి ఒడ్డు దగ్గరికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, చిన్న పాపర్ (నీటి మీద తేలే ఫ్లై) వేస్తే ఆబగా పైకి వచ్చి అందుకుంటాయి. పిల్లలు ఉంటే వాళ్లను కూడా తీసుకెళ్లండి, వాళ్లకు ఇంతకంటే మంచి ఆరంభం నాకు తెలియదు. కాలనీ చెరువైతే ముందు అనుమతి అడగండి.

చటహూచీలో దిగేముందు జార్జియా ఫిషింగ్ లైసెన్స్‌తో పాటు ట్రౌట్ లైసెన్స్ కూడా తీసుకోవాలి. డ్యామ్ నుంచి నీళ్లు ఎప్పుడు వదులుతారో ఆరోజు సమయాలు చూడకుండా అడుగు పెట్టకండి. నీళ్లు చాలా చల్లగా ఉంటాయి, వదిలితే మట్టం చకచకా పెరుగుతుంది. సైరన్ వినిపిస్తే చేప కొక్కేనికి ఉన్నా సరే, వదిలేసి ఒడ్డెక్కండి. డ్యామ్ నుంచి హైవే 20 వంతెన దాకా లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలి. చలికాలంలో మొదలుపెడితే సోప్ క్రీక్ నుంచి యూఎస్ 41 వంతెన దాకా ఉన్న భాగం బాగుంటుంది. నవంబర్ 1 నుంచి మే 14 వరకు అక్కడ పట్టిన ట్రౌట్‌ను వదిలేయాలి, ఒకే కొక్కెం ఉన్న కృత్రిమ ఎరలే వాడాలి. అందుకే చేపలు నిలబడతాయి, కొత్తవాళ్లకూ దొరుకుతాయి.

రీల్ హ్యాండిల్ ఏ వైపు అని కూడా అడిగారు. కుడిచేత్తో విసిరేవారైతే ఎడమవైపు పెట్టించుకోండి, చేప పడ్డాక రాడ్ చేయి మార్చుకోనక్కర్లేదు. చాలా రీళ్లను ఎటైనా మార్చుకోవచ్చు. లైన్ చుట్టించే ముందే షాపులో చెప్పండి, తర్వాతైతే అంతా విప్పి మళ్లీ చుట్టాలి.