రంగప్రవేశానికి పరదేశీ అతిథులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డల్లాస్‌లో మా మనవరాలి కూచిపూడి రంగప్రవేశం, అంటే వేదిక మీద తొలి పూర్తి ప్రదర్శన. పిలిచినవాళ్లలో సగం మంది అల్లుడి ఆఫీసువాళ్లు, పాప స్కూలు స్నేహితులు. తెలుగు ముక్క రాదు. రెండున్నర గంటలు కూర్చుంటారా?
ఒక అమ్మమ్మ, కర్నూలు

జవాబు: కూర్చుంటారమ్మా. కాకపోతే కార్డులో నాలుగని ఉంటే వాళ్లు నాలుక్కి ఐదు నిమిషాల ముందే వస్తారు, మనవాళ్లు నాలుగున్నరకు. మనవాళ్ల కోసం ఆగితే మొదటి అంశం రాకముందే అతిథులు అలిసిపోతారు. మొదలు, విరామం, ముగింపు, భోజనం నాలుగు వేళలూ కార్డు మీదే వేయించండి. ఆ వేళకే తెర తీయించండి.

అంశానికి ముందు చెప్పే మాట నిమిషం దాటకూడదు. భరతముని దగ్గర మొదలుపెట్టే వ్యాఖ్యాతను ముందుగానే బతిమాలుకోండి. కథంతా అక్కర్లేదు, పరాయివాళ్లకు తట్టని ముడి ఒక్కటి విప్పితే చాలు. సత్యభామ కథ ఆడే భామాకలాపమే తీసుకోండి. భార్య అలక, భర్త దూరం కావడం ఏ దేశంవాళ్లకైనా తెలిసిందే. చెలికత్తె మాధవి ‘నీ మగని పేరేమిటి’ అని అడిగితే సత్యభామ అన్ని వంకలు ఎందుకు పోతుందో మాత్రం తెలియదు. అక్కడ మొగుణ్ణి పేరుపెట్టే పిలుస్తారు మరి! మన సీమలో ‘మా ఇంటాయన’ అనే అలవాటును ఒక్క వాక్యంలో చెప్పించండి, హాలంతా నవ్వుతుంది.

చెప్పడం అయ్యాక, పాట లేకుండా, ఆ అంశంలోని మూడు నాలుగు ముద్రలు పాప ఒకసారి పట్టి చూపాలి. వేణువు, నెమలిపింఛం, ఉత్తరం రాయడం. ఇంతే. పది చూపిస్తే ఒక్కటీ గుర్తుండదు. తర్వాత పాటలో అవి ఎదురైనప్పుడు ‘అదిగో’ అనుకోవడంలో ఉన్న సంతోషమే వాళ్లను కుర్చీల్లో కూర్చోబెడుతుంది.

ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగానికి చప్పట్లు హోరెత్తుతాయి, కానీ సర్కసు చూసినట్టు చూస్తారు. మృదంగం మీద పలికిన జతికి (దరువుల వరుసకు) పళ్లెం అంచు ఎలా జవాబిస్తుందో వినమని ముందే చెప్పించండి. అసలు చిక్కు నేలతో వస్తుంది. పాలిష్ చేసిన చెక్క మీద ఇత్తడి పళ్లెం జారిపోతుంది, వినైల్ పరిచిన వేదిక మీద కదలనంటుంది. గీతలు పడతాయని హాలువాళ్లు అసలు వద్దనవచ్చు కూడా. హాలు మాట్లాడుకునేటప్పుడే అడగండి. ఒక్క రిహార్సలైనా ఆ వేదిక మీదే, అదే పళ్లెంతో జరగాలి. కాంక్రీటు మీద నేరుగా తివాచీ పరిచిన వేదికైతే ఒప్పుకోవద్దు, పిల్ల మడమలు, మోకాళ్లు దెబ్బతింటాయి. దీపానికీ అనుమతి అడగాలి. సాంబ్రాణి పొగకు అలారం మోగిందంటే, అందరినీ బయటికి పంపి తనిఖీ అయ్యేదాకా లోపలికి రానివ్వరు. కరెంటు దీపం పెట్టుకుంటే నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న: ఇక్కడ జర్మనీలో నాతో పనిచేసే అతన్ని కర్ణాటక సంగీత కచేరీకి తీసుకెళ్తున్నాను. చప్పట్లు ఎప్పుడు కొట్టాలి, తాళం ఎలా వేయాలి అని అడుగుతున్నాడు.
ఒక పాఠకుడు, స్వస్థలం అనంతపురం

జవాబు: వాళ్ల శాస్త్రీయ కచేరీల్లో ఒక రచనలోని భాగాల మధ్య చప్పట్లు కొడితే పక్కవాళ్లు గుర్రుగా చూస్తారు. ఆ భయంతోనే మన దగ్గరా బిగుసుకుని కూర్చుంటాడు. ఆలాపన ముగిసినా, వయొలిన్ వంతు ముగిసినా కొట్టవచ్చనీ, మధ్యలో ‘భలే’ అన్నా తప్పు లేదనీ చెప్పండి. శ్రుతి చేసుకునేటప్పుడు మాత్రం వద్దు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ సహాయార్థం జరిగిన కచేరీలో, రవిశంకర్ బృందం వాద్యాలు శ్రుతి చేసుకోవడం ఆపగానే జనం చప్పట్లు కొట్టేశారు. శ్రుతే ఇంత నచ్చితే వాయించడం ఇంకా నచ్చుతుందని ఆయన నవ్వించాడు.

ఆదితాళం నేర్పడం పది నిమిషాల పని. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, మళ్లీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. ఈ ఎనిమిదీ కలిస్తే ఒక ఆవర్తం. పాట లేకుండా ఇరవై ఆవర్తాలు వేయించండి. కొత్తవాళ్లు చూపుడు వేలు కూడా లెక్కపెట్టి తొమ్మిది చేస్తారు, అది సులువుగానే పోతుంది. మొండి తప్పు ఇంకొకటి ఉంది. పాట ఎప్పుడూ మొదటి దెబ్బతోనే మొదలవుతుందనుకుంటారు. చాలా కృతుల ఎత్తుగడ (పాట మొదలు) దెబ్బ పడ్డాక కాస్త ఆగి వస్తుంది. అది విని తన చెయ్యే తప్పనుకుని తాళం మార్చేసుకుంటాడు. గాయకుడి గొంతును కాక చేతిని అనుసరించమనండి.

తని ఆవర్తనం, అంటే మృదంగం వంటి తాళవాద్యాలే వాయించే ఘట్టం, రాగానే మనవాళ్లు కాఫీకి లేస్తారు (ఈ అలవాటుకు మందు లేదు). అతన్ని లేవనివ్వకండి. ఆ ఘట్టానికి భాషతో పనే లేదు. చివర ముక్తాయింపు (ముగింపు దరువు) మూడుసార్లు వచ్చి పాట ఎత్తుగడలో కలుస్తుందని ముందే చెప్పి, ఆ మూడింటినీ లెక్కపెట్టమనండి.

ప్రశ్న: మా అమెరికా కోడలు అన్నమయ్య పాటలు నేర్చుకుంటోంది. ఇంగ్లిషు అక్షరాల్లో చదువుతుంటే మాటలన్నీ మారిపోతున్నాయి. వస్తుందంటారా?
ఒక అత్తగారు, ప్రొద్దుటూరు

జవాబు: జాన్ హిగ్గిన్స్ అనే అమెరికన్ 1965లో తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనలో పాడి, ‘భాగవతార్’ (సంగీత విద్వాంసుడు) అనిపించుకున్నాడు. మీ కోడలికెందుకు రాదు?

ఇంగ్లిషు రాతలో త, ట ఒకటైపోతాయి. ద, డ అంతే. ల, ళ అంతే. ‘కోతి’ అనాల్సినచోట ‘కోటి’ వస్తుంది. త, ద పలికేటప్పుడు నాలుక కొన పైపళ్ల వెనక తగలాలి, ట, డ పలికేటప్పుడు వెనక్కి మడవాలి. అద్దంలో చూసుకుంటూ కోతి, కోటి, మాత, మాట, కల, కళ రోజుకు ఐదు నిమిషాలు పలికించండి. ఆ తర్వాత మీ పని ఉంది. పాటను రాగం లేకుండా, మాట్లాడినట్టు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ ఆగుతూ చదివి వాట్సాప్‌లో పంపండి. అన్నమయ్య ఊరు తాళ్లపాక మీకు ఎంతో దూరం కాదు, ఆ నుడికారం మీ నోట్లో ఉన్నదే. సంగీతం టీచరుకు మీరు పోటీ కాదు, బాణీ మాత్రం ఆమెకే వదిలేయండి.

కోడలు సభలో పాడితే కరపత్రంలో సాహిత్యం అన్నమయ్యది అనీ, బాణీ ఫలానావారిది అనీ విడివిడిగా రాయాలి. ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరుంది గాని స్వరాలు లేవు. మనం వింటున్న బాణీలు తర్వాతివాళ్లు కట్టినవి. అనంతపురం జిల్లావాడైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వాళ్లలో ఒకరు.

ప్రశ్న: మా అబ్బాయితో వస్తున్న విదేశీ మిత్రులు నాట్యం గురించి తెలుసుకోవాలంటున్నారు. ఈ చుట్టుపక్కల ఏం చూపాలి?
ఒక పాఠకుడు, హిందూపురం

జవాబు: పదిహేను కిలోమీటర్లలో లేపాక్షి పెట్టుకుని అడుగుతున్నారా! నాట్యమంటపంలో ముందు మద్దెల వాయిస్తున్న బ్రహ్మను, వీణ పట్టిన తుంబురుణ్ణి చూపండి, ఆ తర్వాత రంభ దగ్గరికి తీసుకెళ్లండి. వాద్యగాళ్లు ఎవరో తెలిశాక ఆమె ఎవరి వాయింపుకు ఆడుతోందో వాళ్లే పోల్చుకుంటారు. శివభక్తుడైన మూడు కాళ్ల భృంగి గురించి ఎలాగూ అడుగుతారు, కథ సిద్ధం చేసుకోండి.