హెచ్‌ఐవీ టెస్ట్‌కి వార్డులో సరే అని చెప్పిన పేషెంట్లు ఆ తర్వాత ఐసీటీసీకి (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, టెస్ట్ చేసే సెంటర్) ఎందుకు వెళ్లట్లేదు అని అడిగారు కదా

ప్రాబ్లం మీరు చెప్పే విషయంలో లేదు, చెప్పే చోటులో ఉంది. రౌండ్స్ అయ్యాక బెడ్ దగ్గరే హెచ్‌ఐవీ టెస్ట్ గురించి చెప్తున్నా అని మీరే రాశారు కదా, పక్కన అత్తగారు ఫ్లాస్కు పట్టుకుని నిలబడి వింటుంటే ఎవరైనా సరే అనే అంటారు, తర్వాత మెల్లగా జారుకుంటారు.

1. కూడా వచ్చినవాళ్లని టీకో మందులకో పంపండి. వేరే రూమ్ లేకపోతే డ్రెస్సింగ్ రూమ్ అయినా చాలు.

2. మనలో చాలామంది మర్చిపోయేది ఇదే: "వద్దంటే వద్దనొచ్చమ్మా, వద్దన్నా ఇక్కడ వైద్యం ఆగదు" అని ముందే చెప్పండి. 2017 హెచ్‌ఐవీ/ఎయిడ్స్ చట్టంలో కూడా అంతే, ఒప్పుకోలు లేకుండా టెస్ట్ చెయ్యకూడదు, టెస్ట్ చేయించుకుంటేనే ట్రీట్‌మెంట్ అనకూడదు. నేనూ చాలాకాలం ఈ మాట అనకుండానే సంతకం పెట్టించేశా, తప్పే. వింతేంటంటే వద్దనొచ్చు అని చెప్పాకే ఎక్కువమంది వెళ్తున్నారు.

3. రిజల్ట్ మీకే చెప్తారు, ఇంట్లోవాళ్లకి కాదు అనండి. డబ్బులు అక్కర్లేదు, ఒక్క కిట్‌లో రియాక్టివ్ (హెచ్‌ఐవీ ఉండొచ్చు అన్న సూచన) వస్తే పాజిటివ్ అనెయ్యరు, ఇంకో రెండు వేరే కిట్లతో కూడా చూస్తారు.

4. హెచ్‌ఐవీ సోకే రిస్క్ ఈమధ్యే జరిగి ఉంటే నెగెటివ్ వచ్చినా మూడు నెలలకి మళ్లీ రమ్మనండి.

ఇంకోటి, కేస్ షీట్ మీద ఎర్ర పెన్ను గుర్తులు, ఒక్కరికే డబుల్ గ్లోవ్స్ లాంటివి మానెయ్యాలి, పక్క బెడ్ వాళ్లు అన్నీ చూస్తుంటారు. పేషెంట్ మీతో మాట్లాడ్డానికి మొహమాటపడితే 1097 హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ నంబరివ్వండి, ఫ్రీ.