ఫౌండేషన్‌లో వేయకపోతే పాప వెనకబడిపోతుందా?

ప్రశ్న: చీపురుపల్లి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. టెస్టుల మీద టెస్టులు, పాఠం చెప్పే తీరిక లేదు. మా అమ్మాయి మా బడిలోనే ఎనిమిది చదువుతోంది. విశాఖలో ఐఐటీ ఫౌండేషన్ (ఐఐటీ ప్రవేశ పరీక్షకి ముందునుంచే తర్ఫీదిచ్చే) హాస్టల్లో వేయమంటున్నారు. ఏది మేలు?

జవాబు: మాస్టారూ, టెస్టులు చదువుని మింగేస్తున్నాయని మీరే అంటున్నారు. రోజూ టెస్టులు పెట్టే చోటికే సొంత కూతుర్ని పంపాలా అనీ మీరే అడుగుతున్నారు. కోపం తెచ్చుకోకండి, విడ్డూరంగా లేదూ? పక్కింటి పిల్ల వెళ్లిందన్న భయం ఇది. ఏటా జూన్‌లో ఇదే భయంతో నా దగ్గరికి వస్తుంటారు.

పోయినేడు ఫౌండేషన్ చదివే తొమ్మిదో తరగతి పాప వచ్చింది. ముప్పావుని అరతో భాగించమన్నాను. టక్కున ‘మూడు బై రెండు’ అంది. ఎలాగంటే ‘తిరగేసి గుణించాలి సార్’. ఎందుకు తిరగేయాలో తెలీదు. ‘ముప్పావు కిలో పలాస జీడిపప్పుని అరకిలో ప్యాకెట్లు కడితే?’ అన్నాను. ‘ఒకటిన్నర’ అని, తన కాగితం కేసి చూసుకుని నవ్వేసింది. రెండేళ్ల ఫీజు కట్టాక కూడా ఆ పిల్లకి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు. వేగం కావాలి, కాదనను. ఇంటర్లో సాధన చేస్తే అది వస్తుంది. ఎనిమిదిలోనే షార్ట్‌కట్లు అలవాటైన పిల్లలు ‘ఎందుకు’ అని అడగడం మానేయడమే నేను చూస్తున్నాను.

టెస్టులు ఆపడం మీ చేతిలో లేదు. పేపర్లు దిద్దాక ఏం చేస్తారన్నది ఉంది. మార్కులు పైకి చదవకండి. ఎక్కువమంది తప్పిన లెక్క ఒకటి, ఎవరి పేరూ ఎత్తకుండా బోర్డు మీద వేసి, ఎక్కడ దారి తప్పిందో పిల్లల చేతే చెప్పించండి. బిట్ పేపరైతే మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో రాయించండి. సిలబస్ ఒక పీరియడ్ వెనకబడితే పడనివ్వండి. హెడ్మాస్టారు అడిగితే, తర్వాతి టెస్టులో అదే రకం లెక్క ఎంతమంది చేశారో చూపించండి.

పోలిక అడిగారు కదా, ఒకటే ముక్క. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కులతోనే, ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం డెప్రివేషన్ స్కోరు (అదనపు మార్కులు) కలుపుతారు.  ప్రైవేటు బడికి మారిస్తే ఆ 4 శాతం పోతుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. విశాఖ వెళ్లడం గురించి పాప ఏమందో ఎక్కడా లేదు. ముందు అది కనుక్కుని రాయండి.