బంతి సంగతి తర్వాత, ముందు ఆ తిమ్మిరి చూపించుకోండి

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, మాది హనుమకొండ. రెండేళ్లుగా ఆదివారాలు కారు నడుపుకుంటూ హైదరాబాద్ వెళ్లి గోల్ఫ్ ఆడుతున్నాను. కుడిచేతి వాటం. కొట్టిన బంతి కుడికి వంకర పోతోంది. నిలబడేటప్పుడే భుజాలు, నడుము ఒక వరసలో ఉండట్లేదని కోచ్ అంటున్నారు. వ్యాయామాలు చెప్పగలరా? రెండు నెలలుగా ఆడిన మర్నాడు నడుము పట్టేసి, ఎడమ కాలు బొటనవేలి దాకా తిమ్మిరి. మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ నొప్పి గోలీతో తగ్గుతోంది. బీపీకి మందు వాడుతున్నాను.

జవాబు: అసలు సంగతి చివర్లో రాశారు. చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, బొటనవేలి దాకా పాకే తిమ్మిరికి నడుములో నరం నొక్కుకోవడం కారణం కావచ్చు. మడమల మీద నాలుగడుగులు నడవండి. ఎడమ పాదం ముందుభాగం పైకి లేవకపోతే ఇవాళే ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. మూత్రం ఆగినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఆ గోలీ సంగతి. బీపీ మందులు వాడేవాళ్లు, అందులోనూ నాలుగు గంటలు ఎండలో చెమటోడ్చినవాళ్లు డైక్లోఫెనాక్ మింగితే కిడ్నీల మీద భారం పడుతుంది, బీపీ పెరగొచ్చు. రెండు నెలలుగా మింగుతున్నారంటే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాల్సిందే. మా ఓపీకి పత్తి ఏరేవాళ్లూ ఇదే గోలీ మింగి వస్తారు. ఒక రోజు కూలి పోతుందని వాళ్ల బాధ. మీకేం తొందరండీ? బీపీ మందు మాత్రం ఆపకండి.

వరస గురించి కోచ్ చెప్పింది వినండి. బంతి వెళ్లాల్సిన దిక్కుకు సమాంతరంగా నేల మీద కర్ర పెట్టుకుని, పాదాలు, తుంటి, భుజాలు దానికి వరసగా ఉన్నాయో లేదో వెనక నుంచి వీడియో తీయించుకోండి. నడుము ఎముకలు పక్కకు తిరిగేది చాలా తక్కువ. తిరగాల్సింది తుంటి, వీపు పైభాగం. కుర్చీలో కూర్చుని, మోకాళ్లు కలిపి, ఒక్కో పాదాన్ని బయటికి జరపండి. ఎడమది తక్కువ జరిగితే తుంటి బిగిసిందేమో, అది తిరగనంతా నడుము తిరుగుతోందేమో. పైగా 140 కిలోమీటర్లు కూర్చుని వెళ్లి, దిగగానే గోల్ఫ్ కర్ర ఎత్తుతున్నట్టున్నారు!

డాక్టర్ పరీక్ష చేసేదాకా ఆట వద్దు, యూట్యూబ్ వ్యాయామాలు అసలే వద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ గోలీల షీట్, బీపీ చీటీ రెండూ తీసుకెళ్లండి.