పాత ఇంట్లో ఆస్బెస్టాస్ ఎక్కడుంటుంది? పైకప్పు కన్నా ముందు పెరడు చూడండి

1984లో కట్టిన ఇల్లు కొన్నాం, పడగొట్టేముందు ఆస్బెస్టాస్ ఎక్కడెక్కడ వెతకాలి అని ఒకరు అడిగారు. అందరూ పైకప్పు చూడమంటారు. నేను ముందు పెరడు చూడమంటాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నా చిన్నప్పుడు పశువుల కొట్టానికి తాటాకు తీసేసి సిమెంటు రేకులు వేయించారు. ఒక గాలివానకి రెండు రేకులు పగిలాయి. ఆ ముక్కలు మాకు పండగే. తొక్కుడుబిళ్లకి పెంకు ముక్క కన్నా రేకు ముక్క నయం, వేసినచోటే పడుతుంది. అంచులు గీసుకుంటాయని బావి గట్టు మీద గరగరా రుద్ది గుండ్రంగా చేసుకునేవాళ్లం. ఒకరోజు నేనూ మా అక్కా మధ్యాహ్నమంతా అదే పని. చేతుల నిండా తెల్లటి పొడి, ఉఫ్ అని ఊదేయడం, మళ్లీ రుద్దడం. విరిగిన అంచున సన్నటి పోగులు చిరిగిన గోనెపట్టా చివర్లలా లేచి ఉండేవి. వాటిని గోటితో పీకేవాళ్లం. సాయంత్రం అమ్మ ఆ పొడంతా చీపురుతో ఊడ్చింది.

ఆ పోగులే ఆస్బెస్టాస్. తెలుగులో రాతినార అన్నారు, ఎంత సరిగ్గా పెట్టారో ఆ పేరు. అది పీల్చినందువల్ల వచ్చే క్యాన్సర్ ఇరవై, నలభై ఏళ్లకి గానీ బయటపడదు. అక్కకి ఇప్పుడు 52. ఫోన్లో తను దగ్గినప్పుడల్లా నాకు ఆ బావి గట్టే కళ్లముందుకొస్తుంది.

అందుకే చెప్తున్నా, విరిగిన ముక్కల కోసం చూడండి. కోళ్లగూడు మీద, పొయ్యికి గాలి తగలకుండా అడ్డంగా, మొక్కల పాదుల చుట్టూ, మట్టిలో సగం కూరుకుపోయి ఉంటాయి. ఆ తర్వాత మేడ మీది వాన నీళ్లు దించే బూడిదరంగు సిమెంటు గొట్టం, మరుగుదొడ్డి గాలిగొట్టం, పాత నీళ్ల తొట్టి, ఫాల్స్ సీలింగుకి కొట్టిన చదును షీట్లు. ఇల్లు కాక పాత మిల్లయితే బాయిలర్ గొట్టాలకి చుట్టిన తెల్లతాడు. కాలేజీ అయితే ల్యాబులో ముక్కాలిపీట మీద పెట్టే ఇనప జాలీ, మధ్యలో ఆ తెల్లటి గుండ్రటి పూత గుర్తుందా, పాతవాటిలో అదీ ఇదే.

నెట్‌లో వెతికితే అన్నీ అమెరికా ఇళ్ల లెక్కలే. అటకలో పోసిన గుళికలు, గరుకు సీలింగు పూత అంటారు. మన ఇళ్లలో అవెక్కడున్నాయి? ఇంకోటి, "పాత ఇల్లు" అన్న మాటే మనకి కుదరదు. బ్రిటన్ 1999లో పూర్తిగా నిషేధించింది కాబట్టి అక్కడ ఆ తర్వాత కట్టినవాటికి భయం లేదు. మన దగ్గర అలా కాదు. పులివెందుల దగ్గర ఒకప్పుడు రాతినార గనులుండేవి. దేశంలో తవ్వకాలు ఆపించారు గానీ, రష్యా లాంటి దేశాల నుంచి తెప్పించి రేకులు చేయడం ఆపలేదు. అందుకే కొత్త ఇంటి రేకుల్లోనూ ఇది ఉండొచ్చు. తవ్వేవాడి ఊపిరికి ప్రమాదమైనది కోసేవాడి ఊపిరికి కాదా?

మూడేళ్ల కింద ఆ కొట్టం తీయించాం. మేస్త్రి రాగానే గ్రైండర్ తీశాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. "ఏం కాదు బాబూ, పాతికేళ్లుగా కోస్తున్నా" అన్నాడు, దగ్గుతూనే. బీడీల దగ్గని వాళ్లావిడ అంటుంది. నేను ఒప్పుకోను. పగలని రేకు కదలకుండా ఉన్నంతకాలం దాని జోలికి వెళ్లక్కర్లేదు. కోసినప్పుడు, సుత్తితో కొట్టినప్పుడు, చిల్లు పెట్టినప్పుడే కంటికి కనపడని నార ఎక్కువగా లేస్తుంది. మూతికి తువ్వాలు కడితే అది ఆగదు, దుమ్ము కోసం చేసిన మంచి మాస్కు కావాలి. ముందు రేకుల్ని నీళ్లతో బాగా తడిపించాను. తుప్పు పట్టిన హుక్కుల్ని కట్టరుతో తుంచి, రేకు రేకూ పగలకుండా కిందకి దించారు. రేకు మీద కాలు పెట్టొద్దని, పలకలు పరిచి వాటి మీదే నడవమని చెప్పాను, రేకు విరిగి పడిపోయినవాళ్లని చూశాను కాబట్టి. కింద పడ్డ పొడిని ఊడ్వనివ్వలేదు, తడిగుడ్డతో ఎత్తించాను.

ఇంతా చేశాక, వాటిని ఎవరికి అప్పజెప్పాలి? నేను అడిగిన ఒక్క ఆఫీసులోనూ జవాబు లేదు. చెత్తబండి వాళ్లు మేం తీసుకోం అన్నారు. ఇరవై రెండు రేకులు ప్లాస్టిక్ పట్టాలో చుట్టి ఇప్పటికీ పొలం గట్టు మీద ఉన్నాయి. మొన్న పక్క పొలం ఆయన గేదెల పాకకి కోసుకుంటానని అడిగాడు. మొహమాటంగానే ఉంది గానీ, ఇవ్వలేదు.